కళ్ళు మూసిన పిల్లి బొమ్మ

అనగా అనగా, బొమ్మ చెప్పిందే వేదంగా మనుషులు నమ్మే కాలంలో, వరిగంధపురాన్ని గుణకేతు మహారాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుకి కత్తి ఇష్టం. నడిపివాడు విజయకేతుకి గుర్రం ఇష్టం. చిన్నవాడు మణికేతుకి ప్రశ్న ఇష్టం. ఎవరేం చెప్పినా "అలా అని ఎవరన్నారు?" అని అడిగేవాడు. గురువుగారు తల పట్టుకునేవారు.

ఆ రాజ్యంలో ఒక్క పిల్లి కూడా లేదు. ఎందుకు లేదు? ఏడు సముద్రాల అవతల మసిగండడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు ఊరూరికీ బొమ్మల పటాలు పంపాడు. మొదటి పటంలో పిల్లి ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని, దొంగ తపస్సు చేస్తోంది. రెండో పటంలో పిల్లి ఎదురొచ్చింది, మనిషి నూతిలో పడ్డాడు. మూడో పటంలో నల్లపిల్లి మంత్రగత్తె భుజమెక్కి కూర్చుంది. జనం చూశారు, నమ్మారు, కర్రలు పట్టుకుని పిల్లుల్ని తరిమేశారు.

పిల్లులు పోయాయి, ఎలుకలు వచ్చాయి. మసిగండడి ఎలుకల దండు గాదెల్లోని ధాన్యాన్ని గింజ గింజా మోసుకుపోయి వాడి ఓడల్లో పోసింది. పిల్లలూ, చూశారా! ఆకలి ఆకాశం నుంచి ఊడిపడదు. దాన్ని ఎవడో ఒకడు తయారుచేస్తాడు!

మాంత్రికుణ్ణి పట్టుకొస్తానని, ఇది వాడితే నేను ఆపదలో పడ్డట్టేనని చెప్పి, జయకేతు ఒక సన్నజాజి తీగ నాటి వెళ్ళాడు. తీగ వాడింది. విజయకేతు ఇంకో తీగ నాటి వెళ్ళాడు. అదీ వాడింది. అప్పుడు మణికేతు లేచాడు.

"నువ్వూ పోతే మాకెవరురా?" అన్నాడు రాజు.

"నేను పోకపోతే అన్నయ్యలకెవరు, నాన్నగారూ?" అన్నాడు మణికేతు.

అడవిలో దారి రెండుగా చీలింది. ఎడమ దారిలో ఒక నల్లపిల్లి అడ్డంగా నడిచి, ఆగి, వెనక్కి చూసింది. మణికేతు కూడా ఆగి చూశాడు. రాయి తీయలేదు, దారి మార్చలేదు.

"హమ్మయ్య! రాయి వెయ్యని రాజబ్బాయి ఇన్నాళ్ళకి దొరికాడు," అంది పిల్లి. "నా పేరు మిరియం. దారి చూపిద్దామనే మీ అన్నయ్యలకీ ఎదురొచ్చాను. ఇద్దరూ నన్ను తిట్టి కుడి దారి పట్టారు. ఆ దారి చివర మసిగండడి మాయ ఓడ ఉంది. అది ఎక్కినవాడు ఎక్కినట్టే వాడి కోటలో గోడ మీద బొమ్మైపోతాడు. తొలకరి వాన పడిందంటే ఆ రంగులు కారిపోతాయి. ఆ తర్వాత మీ అన్నయ్యలు దేవుడికి కూడా దొరకరు."

మణికేతు తలెత్తాడు. ఆకాశం వైపు చూశాడు. అప్పటికే దూరంగా ఒక మబ్బు ఉంది.

ఇద్దరూ పరుగున సముద్రం చేరారు. ఒడ్డున కొండంత తాబేలు ఎండ కాచుకుంటోంది.

"ఎక్కించుకుంటావా, తాతా?"

"ఎక్కండి. ఆ పిల్లమ్మని మాత్రం గోళ్ళు దించొద్దను. నా డిప్ప మీద ఇదివరకే బోలెడు గీతలున్నాయి."

రెండు సముద్రాలు దాటాక ఇసుక దీవి వచ్చింది. అక్కడ గుడి మధ్యలో చెవులకి బంగారు పోగులు పెట్టుకున్న రాతి పిల్లి కూర్చుని ఉంది. జనం పాలగిన్నెలు పెట్టి మొక్కుతున్నారు.

"ఈ బొమ్మ ఎవరు చేశారు?" అని అడిగాడు మణికేతు.

"మా ముత్తాతల ముత్తాతలు, బాబూ," అంది పూజారమ్మ. "పండిన పంటని ఎలుకల నోట పడకుండా కాపాడింది పిల్లే. కడుపు నిండిన కృతజ్ఞతతో దేవతని చేసుకున్నాం." దేవత కంటికి అద్దే పసుపు రంగు చిటికెడు ఇచ్చింది.

"పోగులు నాకూ నప్పుతాయేమో," అంది మిరియం.

"దేవతైతే రోజంతా కదలకుండా కూర్చోవాలి మరి."

"అమ్మో, వద్దులే!"

ఇంకో రెండు సముద్రాలు దాటాక బజారు దీవి వచ్చింది. ప్రతి కొట్టు ముందూ తెల్లటి మట్టిపిల్లి ముందుకాలు ఎత్తి, రండి రండి అని పిలుస్తోంది.

"ఈ బొమ్మ ఎవరు చేశారు?"

"మేమే, నాయనా," అన్నాడు కొట్టు ముసలాయన. "పిల్లి ఉన్న కొట్టులో సరుకు పాడవదు. సరుకు పాడవని కొట్టుకి జనం వస్తారు. అందుకే మాకు పిల్లంటే లక్ష్మి." శంఖం నూరిన తెల్ల రంగు చిటికెడు ఇచ్చాడు.

మరో రెండు సముద్రాలు దాటాక చీకటి దీవి వచ్చింది. అక్కడ ప్రతి తలుపు మీదా కొమ్ములున్న నల్లపిల్లి బొమ్మ. మిరియాన్ని చూడగానే రాళ్ళు లేచాయి.

"బొమ్మని నమ్మి ప్రాణిని కొడతారా! సిగ్గు సిగ్గు! అబద్ధపు బొమ్మలు నశించాలి!" అని మణికేతు గొంతు చించుకున్నాడు. ఎవరూ వినలేదు. ఒక రాయి వచ్చి నుదుటికి తగిలింది. అంతలో ఒక పెరటి తలుపు తెరుచుకుంది. చంకలో బిడ్డతో ఒక తల్లి వాళ్ళని లోపలికి లాగేసింది.

మణికేతు నుదురు తుడుచుకుంటూ, ఈసారి మెల్లగా అడిగాడు. "అక్కా, మీ తలుపు మీద ఆ బొమ్మ ఎవరు గీశారు?"

"నేనే గీశాను, తమ్ముడూ. గీయకపోతే ఇల్లు తగలబెడతామని మసిగండడి మనుషులు బెదిరించారు. ఉయ్యాల కింద పిల్లి పడుకున్న రోజుల్లో మా బుజ్జిగాడు హాయిగా నిద్రపోయేవాడు. ఇప్పుడు ఎలుకలు వాడి వేళ్ళు కొరుకుతున్నాయి." ఆమె కళ్ళు తుడుచుకుని, బిడ్డకి దిష్టిచుక్క పెట్టే కాటుక చిటికెడు ఇచ్చింది.

ఏడో సముద్రం దాటేసరికి మబ్బులు నడినెత్తికి వచ్చాయి. మసిగండడి కోటలో ఒకమ్మాయి కుంచె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె చిత్రద్వీపపు రాకుమారి రేఖావతి. మాంత్రికుడు ఆమెని చెరపట్టి తెచ్చి, ఆ పటాలన్నీ గీయించాడు. గోడ మీద కత్తి ఎత్తిన జయకేతు, గుర్రమెక్కిన విజయకేతు బొమ్మలై ఉన్నారు. ఇద్దరి కళ్ళూ మూసి ఉన్నాయి. పక్కనే ఒంటికాలి పిల్లి, దాని చుట్టూ మొక్కుతున్న ఎలుకలు.

"అన్నయ్యా!" అని మణికేతు గోడని పట్టుకున్నాడు. గోడ చల్లగా ఉంది.

"మా దేశంలో బొమ్మకి కన్ను ఆఖరున గీస్తారు," అంది రేఖావతి. "నేను కన్ను గీస్తే బొమ్మకి ప్రాణం వస్తుంది. అందుకే కంటికి కావలసిన తెలుపూ పసుపూ నలుపూ వాడు కోటలోకి రానివ్వడు."

"అయితే ఈ పిల్లి దొంగ తపస్సు చేయడం లేదా?"

"తపస్సూ లేదు, గిపస్సూ లేదు. నా దగ్గర రంగుల్లేవు, అంతే!"

మిరియం కిసుక్కున నవ్వింది. మణికేతు మూడు పొట్లాలూ విప్పాడు. "ఇవిగో రంగులు. మా అన్నయ్యల కళ్ళు గీయి, తొందరగా!"

"ఇవి ఒక్క కంటికే సరిపోతాయి. ఒకరిని లేపినా, మాంత్రికుడు బతికుంటే మళ్ళీ గోడకే అంటిస్తాడు."

కిటికీలోంచి మొదటి చినుకు పడింది. జయకేతు కత్తి కొస కరిగింది. మణికేతుకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. గోడంతా కళ్ళతో వెతికాడు. ఎలుకలన్నీ కళ్ళు మూసుకున్నాయి. పిల్లి కాళ్ళ దగ్గర ఒకే ఒక్క ఎలుక కళ్ళు తెరిచి చూస్తోంది.

"ఈ ఎలుక కన్ను ఎవరు గీశారు?"

రేఖావతి ఉలిక్కిపడింది. "నేను కాదు! నన్ను బయటికి పంపి వాడే గీసుకున్నాడు."

"కన్నుంటే ప్రాణం ఉన్నట్టేగా! వాడి ప్రాణం అందులోనే ఉంది! పిల్లి కన్ను గీయి!"

రేఖావతి తెలుపు పెట్టింది, పసుపు పెట్టింది. నలుపు పెట్టబోతుంటే తలుపు బద్దలైంది.

"ఎవడ్రా నా కోటలో?" అని మసిగండడు మంత్రదండం చాచాడు. మణికేతు పాదాలు గోడకి అతుక్కున్నాయి. మోకాళ్ళు బొమ్మయ్యాయి. నడుము బొమ్మయ్యింది. మాంత్రికుడు రేఖావతి మీదికి అడుగేశాడు.

అప్పుడు మిరియం ఏం చేసింది? కరవలేదు, రక్కలేదు. తోక ఎత్తి, తీరిగ్గా, వాడి ముందు నుంచి అడ్డంగా నడిచింది.

"ఛీ ఛీ, అపశకునం!" అని మసిగండడు టక్కున ఆగిపోయాడు. వెనక్కి అడుగులేశాడు. గడప మీద చతికిలబడ్డాడు. "ఒరేయ్, మంచినీళ్ళు తెండ్రా!" అని అరిచాడు. అబద్ధాన్ని ఊరూరా అమ్మీ అమ్మీ, పాపం, వాడే కొనుక్కున్నాడు!

వాడు చెంబెత్తి గుక్క మింగేలోపు రేఖావతి నల్లగీత గీసేసింది.

బొమ్మ పిల్లి కన్ను తెరిచింది. రెండో కాలు దించింది. ఒళ్ళు విరుచుకుని, ఒక్క దూకులో కాళ్ళ దగ్గరి ఎలుకని నోట కరుచుకుంది. గడప మీద చెంబు దొర్లింది. దాని పక్కన పిడికెడు మసి మిగిలింది. బయట వాన దంచి కొట్టసాగింది.

గోడ మీంచి మణికేతు ఊడిపడ్డాడు. జయకేతు దిగాడు. విజయకేతు గుర్రంతో సహా దూకాడు. ముగ్గురూ కావలించుకుని ఏడ్చారు, నవ్వారు.

"ఏరా తమ్ముడూ, నా కత్తి కొస ఏమైంది?" అన్నాడు జయకేతు.

"ఎదురొచ్చిన పిల్లిని తిట్టినందుకు జరిమానా," అంది మిరియం. అన్నలిద్దరూ చేతులు కట్టుకుని ఆమెకి క్షమాపణ చెప్పారు.

ధాన్యం ఓడలు వెనక్కి మళ్ళాయి. గింజ పండించినవాళ్ళ గాదెలకే గింజ చేరింది. చీకటి దీవి తల్లి తలుపు మీది కొమ్ములు తానే చెరిపేసింది. ఉయ్యాల కిందికి పిల్లి తిరిగొచ్చింది.

రేఖావతికీ మణికేతుకీ పెళ్ళి జరిగింది. ఊరేగింపు కదలబోతుంటే మిరియం బంగారు పోగులు పెట్టుకుని సరిగ్గా పల్లకీకి ఎదురొచ్చింది. బాజాలు ఆగిపోయాయి. బోయీలు అడుగు వెనక్కేశారు. పల్లకీలోంచి పెళ్ళికూతురు తల బయటపెట్టి, "ఆగారేం? దారి చూపించే మా వదిన వచ్చింది, పదండి!" అంది. మహారాజు ఫక్కున నవ్వాడు. ఆయన వెనక ఊరంతా నవ్వింది.

కోట గుమ్మం మీద రేఖావతి కొత్త బొమ్మ గీసింది. అందులో పిల్లి దేవతా కాదు, దెయ్యమూ కాదు. రెండు కళ్ళూ తెరిచి మనల్ని చూస్తున్న ఉత్త పిల్లి. దాని కింద మణికేతు, రేఖావతి చాలాకాలం చల్లగా రాజ్యమేలారు.

కథ పాలగిన్నెలోకి, మనం పక్కలోకి.