వెనక్కి కట్టుకున్న చేతులు

ధవళేశ్వరంలో మట్టిపూలు చేయడం నేర్పే వేదవల్లిగారికి ఒక పట్టింపు ఉండేది. శిష్యుల మధ్య తిరిగేటప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకునేవారు. రేకు వంకరపోతే నోటితో చెప్పేవారు, మళ్ళీ చెప్పేవారు, అవతలివాళ్ళు విసుక్కునేదాకా చెప్పేవారు. అంతేగానీ ఇంకొకరి పువ్వును ముట్టిన పాపాన పోలేదు. ఆ చేతులా, గోదావరి ఒండ్రును తామరగా మార్చగలవి. చూసేవాళ్ళకి ఒళ్ళు మండదూ మరి?

హైమకీ మండింది. చిన్ననాటి నుంచీ ఆవిడ దగ్గరే పని నేర్చుకుని, రేపో మాపో ఆ బడిని అందుకోవలసిన శిష్యురాలు హైమ. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"అమ్మగారూ, దిద్దగలిగిన చెయ్యి చూస్తూ ఊరుకుంటే అది నేర్పడం ఎలా అవుతుంది?"

వేదవల్లిగారు వాదించలేదు. తనకు పక్కూరు కడియంలో పని ఉందనీ, మర్నాటిదాకా బడి చూసుకోమనీ చెప్పి వెళ్ళారు.

అప్పట్లో మంగతాయారుగారనే పెద్దావిడ బడికి వస్తుండేవారు. పక్షవాతం తగ్గినా కుడిచెయ్యి సరిగ్గా స్వాధీనంలోకి రాలేదు. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ ఆవిడ చేతిలోంచి ప్రతి పనీ లాగేసుకున్నారు. భర్త సంవత్సరీకం నాడు ఆయన పటం ముందు తన చేత్తో చేసిన తామరపువ్వు పెట్టాలన్నదే ఆవిడకు మిగిలిన ఒక్క కోరిక.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక, ఆవిడ చేసి ఆరబెట్టిన తామరను హైమ చూసింది. పైవరస రేకులు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. ఆమెకు జాలేసింది. వాటిని కోసేసి, కొత్తవి ఒత్తి, తడిమట్టి రాసి అతికించింది. పువ్వు కళకళలాడింది. సగం ఆరిన పువ్వుకి పచ్చిరేకు అతికిస్తే ఆరేటప్పుడు విడిపోతుందని హైమకి తెలియక కాదు, కొత్తవాళ్ళకి ఆ మాట చెప్పేదే ఆమె. జాలిలో అది గుర్తుకే రాలేదు.

రాత్రంతా వడగాలి వీచింది. పొద్దున్న మంగతాయారుగారు వచ్చేసరికి పైరేకులన్నీ మొదలంటా విరిగి పళ్ళెంలో పడి ఉన్నాయి. ఆవిడ ఆ ముక్కల్ని కొంగులో ఏరుకున్నారు. ఈ చెయ్యి ఇంక దేనికీ పనికిరాదని తేలిపోయిందనీ, రేపట్నుంచి రాననీ మెల్లగా చెప్పి చెప్పులేసుకోబోయారు. అప్పుడే వాకిట్లోకి వచ్చిన వేదవల్లిగారు కొంగులో ముక్కల్నీ, హైమ మొహాన్నీ చూశారు. హైమ సిగ్గుపడుతూనే వెళ్ళి మంగతాయారుగారికి అడ్డంగా నిలబడింది.

"ఆ విరిగినవి మీవి కాదండీ, నావి. మీవి నిలబడే ఉన్నాయి."

మంగతాయారుగారు నమ్మలేదు. వెనక్కి వచ్చి, కింది వరసలో తాను పెట్టిన వంకరటింకర రేకుల్ని ఒక్కొక్కటే తడిమి చూసుకున్నారు. ఏదీ కదల్లేదు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నన్నొక మాట అడగాల్సిందమ్మా అని హైమ మీద కోప్పడ్డారు కూడా. ఆ తర్వాత కొంగు దులుపుకుని కొత్త మట్టిముద్ద ముందు కూర్చున్నారు.

వణికే వేళ్ళ కింద మొదటి రేకు ఒరిగింది. హైమ చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళబోయింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని వెనక్కి తీసుకుంది. ఇన్నేళ్ళూ ఎలా ఓర్చుకున్నారని గొంతు తగ్గించి గురువుగారిని అడిగింది.

"ఓర్చుకోలేకేనమ్మా ఇలా కట్టుకునేది," అన్నారు వేదవల్లిగారు. "నీ పూలప్పుడు మరీ గట్టిగా పట్టుకోవాల్సొచ్చేది."