కంచె అవతలి వైద్యుడు

పల్నాటి ఎండ ఒక ఎత్తు, మిరప కళ్ళంలో ఎండ ఒక ఎత్తు. పైనుంచి సూర్యుడు కాలుస్తాడు, కిందనుంచి ఎర్రగా ఆరబోసిన కాయలు కాలుస్తాయి. గాలి కాస్త విసిరిందంటే చాలు, ఘాటు లేచి ముక్కుల్లో దూరుతుంది. మనుషులైతే తలగుడ్డ మూతికి చుట్టుకుని, గంటకోసారి నీడకి పోయి, చెంబెడు మజ్జిగ తాగి వస్తారు. అలాంటి కళ్ళం మధ్యలో, నల్లరాతి మీద, మూడు రోజులుగా నీడ ముఖం చూడకుండా కాపలా కూర్చున్నాడు భైరడు అనే కుక్క.

భైరడు మంచివాడే. కానీ కాపలా అంటే తానొక్కడే అనుకునే రకం. దానికి కారణం కూడా ఉంది. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం అతను కునుకు తీస్తుండగా కోడిపెట్ట చుక్కమ్మ పిల్లలు ఏడూ మాయమయ్యాయి. ఎవరు ఎత్తుకుపోయారో చూసినవాళ్ళు లేరు. కంచె పక్కన నాలుగు ఈకలు మాత్రం మిగిలాయి. చుక్కమ్మ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదని భైరడికి ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు చుక్కమ్మకి మళ్ళీ తొమ్మిది పిల్లలు. కొట్టం ముందు బోర్లించిన గంప కింద కిచకిచమంటున్నాయి. వాటిని చూసినప్పుడల్లా భైరడు రాతి మీద ఇంకాస్త నిటారుగా కూర్చుంటాడు.

"ఒరే మనవడా, కాసేపు ఈ వేపచెట్టు నీడకి రారాదూ?" అన్నాడు మైలయ్య. మైలయ్య బూడిదరంగు ముసలి ఎద్దు. కళ్ళంలోకి వచ్చే తడిక పక్కనే గుంజకి కట్టేసి ఉంటాడు.

"నేనొస్తే కాపలా ఎవరు కాస్తారు తాతా?"

"నేను చూస్తుంటాలే."

"నువ్వా! నెమరేస్తూ నెమరేస్తూ నిద్రపోతావు. నీ ముక్కు కింద నుంచి ఏనుగు నడిచిపోయినా నీకు తెలీదు."

మైలయ్య నొచ్చుకోలేదు. నోట్లో గడ్డి ఇంకా ఉంది, ముందు దాని సంగతి చూసుకున్నాడు.

అంతలో ఊరి మేక ఒకటి కంచె సందులోంచి తల దూర్చింది. భైరడు లేచి "భౌ" అన్నాడు. రెండో "భౌ" సగంలో ఆగిపోయింది. రెండు కణతల మధ్య ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. కళ్ళ ముందు కళ్ళమంతా ఒకసారి గిర్రున తిరిగింది. మేక తీరిగ్గా నాలుగు ఆకులు నమిలి వెళ్ళిపోయింది.

చుక్కమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏంది భైరన్నా, అలా ఆపేశావు?"

"ఏం లేదమ్మా. తల కాస్త నొప్పిగా ఉంది."

"కాస్తేనా? కళ్ళు చూడు, ఈ మిరపకాయల్లాగే ఉన్నాయి!"

భైరడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నిజానికి తల బద్దలైపోతోంది. మొరగలేని కుక్క కాపలాకి దేనికి పనికొస్తుందని లోలోపల వణుకుతున్నాడు.

ఆ పూట రైతు ఇంటిల్లిపాదీ పక్క ఊళ్ళో పెళ్ళికి బయల్దేరారు. సాయంత్రానికి గానీ రారు. వాళ్ళ బండి మలుపు తిరిగిందో లేదో, కంచె అవతల గట్టు మీద జంబయ్య అనే నక్క ప్రత్యక్షమయ్యాడు. తోక కాళ్ళ మధ్య ముడుచుకుని ఎంతో అణకువగా నిలబడ్డాడు.

"భైరన్నా, నన్ను చూసి మొరగబాకు. మొరిగితే నొప్పి నీకే."

భైరడు పళ్ళు చూపించాడు. ఆ మాత్రానికే తల ఝుమ్మంది. "నాకు నొప్పని నీకెవరు చెప్పారు?"

"నీ కూతే చెప్పింది. పొద్దున సగంలో తెగిపోయిందిగా, అది తలనొప్పి కూత. మా అమ్మమ్మ ఈ చుట్టుపక్కల పధ్నాలుగు పుట్టలకి వైద్యురాలు. కుందేళ్ళు కూడా నాడి చూపించుకునేవి."

"తర్వాత ఆ కుందేళ్ళు ఏమయ్యాయి?" అన్నాడు మైలయ్య.

జంబయ్య ఆ మాట వినబడనట్టు ముఖం పెట్టాడు. "చూడన్నా, నేను మీ కంచె దాటను. నా చేత్తో మందు ఏదీ ఇవ్వను. అన్నీ మీ కళ్ళంలో ఉన్నవే చెప్తాను. ఇష్టమైతే చెయ్యి, లేకపోతే ఆ రాతి మీదే మూలుగుతూ కూర్చో. నువ్వు మూలుగుతుంటే నాకు అవతల పొలంలో కునుకు పట్టడం లేదు, అందుకని వచ్చాను."

భైరడికి ఇంకొక ఘడియ ఈ నొప్పి భరించే ఓపిక లేదు. "చెప్పు" అన్నాడు.

"ముందు నీళ్ళు. పొద్దుటి నుంచి గుక్కెడైనా తాగావా? లేదు కదూ! సగం నొప్పి అక్కడే ఉంది. కడుపునిండా తాగు. తర్వాత తడిగుడ్డ నుదుటి మీద వేసుకో. నుదుటి మీదొక్కటే చాలదు, కళ్ళ మీదికి కూడా లాక్కో, వెలుతురు తగలకూడదు. గట్టు మీది వావిలాకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకో, ఈ ఘాటు విరుగుతుంది. చెవుల్లో దూది పెట్టుకో, వేడిగాలి దూరకుండా. అప్పుడు కొట్టం లోపల, చీకటిగా ఉన్న మూలకి పోయి పడుకో."

"శొంఠి పట్టు వెయ్యరూ?" అంది చుక్కమ్మ. రైతమ్మ సానరాతి మీద శొంఠికొమ్ము అరగదీయడం ఆమె ఎన్నోసార్లు చూసింది.

"మంచిదే. కానీ అరగదీయడానికి మనకి చేతులేవి తల్లీ? జారి కంట్లో పడితే అదో బాధ. వద్దులే." జంబయ్య గొంతు మరింత మెత్తబడింది. "అన్నిటికన్నా పెద్ద మందు నిద్ర. వేపచెట్టు నీడ ఆ నీళ్ళ తొట్టిని తాకేదాకా లేవబాకు. మధ్యలో లేచావా, నొప్పి రెండింతలై వచ్చి కూర్చుంటుంది. మరి నేను వెళ్ళొస్తా."

చెప్పినట్టే వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

భైరడు ఎద్దు వైపు చూశాడు. "తాతా, ఆ మందులు నిజమైనవేనా?"

"మందులకేం, బాగానే ఉన్నాయి. పిల్లలకి తల నొచ్చితే మన రైతమ్మ ఇవే చేస్తుంది" అని మైలయ్య కాసేపు నమిలాడు. "చేసి, పక్కన కూర్చుంటుంది."

భైరడికి మొదటి మాటే వినబడింది. అయినా గంప వైపు చూసి కాలు కదపలేకపోయాడు.

"వెళ్ళి పడుకో అన్నా" అంది చుక్కమ్మ. "నీ తల బాగుంటేనే నా పిల్లలు బాగుంటారు. పద, గుడ్డ నేను తెస్తా."

పాపం, అన్నీ ఆ పిచ్చితల్లే చేసింది. తొట్టి గట్టు మీద రైతు వదిలిన తలగుడ్డ తడిపి ఈడ్చుకొచ్చింది. వావిలి రెమ్మ తుంచి తెచ్చి కాళ్ళతో నలిపింది. కంచె పత్తికట్టెలతో అల్లింది కదా, వాటికి అక్కడక్కడా అంటుకున్న దూది ముక్కుతో పీకి తెచ్చి అతని చెవుల్లో కూరింది. భైరడు కడుపునిండా నీళ్ళు తాగి కొట్టంలో వరిగడ్డి మీద ఒరిగాడు. చల్లటి గుడ్డ కళ్ళ మీద పడగానే "అమ్మయ్య" అనుకున్నాడు. మూడు రోజుల నిద్ర ఒక్కసారిగా వచ్చి మీద పడింది.

మెలకువ వచ్చేసరికి ఏదో తక్కువైనట్టనిపించింది. ఏంటా అని కాసేపు ఆలోచించాడు. తలనొప్పి లేదు! తల ఇటు తిప్పాడు, లేదు. అటు తిప్పాడు, లేదు. ముంగాళ్ళతో గుడ్డ కాస్త తోసి ఒంటికంటితో బయటికి చూశాడు. వేపనీడ ఇంకా తొట్టికి నాలుగు అడుగుల దూరంలోనే ఉంది.

'ఎంత గొప్ప వైద్యుడు! అనవసరంగా అనుమానించాను. కనబడితే దణ్ణం పెట్టాలి' అనుకున్నాడు. మనసంతా తేలిగ్గా ఉంది. ఆ తేలికలో ఒళ్ళు విరుచుకుని, చుక్కమ్మని పిలుద్దామని చెవి ఒగ్గాడు. ఏమీ వినబడలేదు. ఓహో, దూది కదూ. పోనీ ఆమె ఎక్కడుందో వాసన పడదామని ముక్కెత్తాడు. వావిలాకు తప్ప ఇంకే వాసనా లేదు. చూద్దామంటే రెండో కన్ను గుడ్డ కింద ఉంది.

భైరడి వీపు మీద వెంట్రుకలు లేచాయి.

కళ్ళు మూయించాడు. ముక్కు మూయించాడు. చెవులు మూయించాడు. ఫలానా వేళ దాకా కదలొద్దన్నాడు. తలనొప్పికి ఇన్ని మందులు చెప్పినవాడు తలనొప్పి కోసం చెప్పలేదు. పొద్దున తల పోటెత్తుతుండగా తట్టని సంగతి, తల నెమ్మదించగానే తేరిన నీళ్ళలో రాయిలా స్పష్టంగా కనబడింది.

గోడకి చెవులు రాసి దూది రాల్చుకున్నాడు. అప్పుడే తడిక కిర్రుమంది.

ఎగిరి దూకేవాడే. కానీ కొట్టం గుమ్మంలోంచి చూస్తే జంబయ్య గంపకి ఇంకా దూరంగా ఉన్నాడు. ఇప్పుడు మొరిగితే వచ్చిన దారినే పోతాడు, రేపు ఇంకో వైద్యం పట్టుకొస్తాడు. భైరడు గుడ్డ కళ్ళ మీదికి జార్చుకుని, కాస్త సందు మాత్రం ఉంచుకుని, బిగుసుకుని పడుకున్నాడు.

జంబయ్య నేరుగా కొట్టం దగ్గరికే వచ్చాడు. "భైరన్నా... ఎలా ఉంది?"

భైరడు గురక పెట్టాడు.

"నా తండ్రే. పడుకో, పడుకో" అని నక్క గంప వైపు తిరిగాడు.

గంప మీద చుక్కమ్మ ఈకలన్నీ రిక్కించుకుని కూర్చుని ఉంది. "భైరన్నా! అన్నో! లేవన్నా!" అని గొంతు చించుకుంది.

"ఎందుకమ్మా అరుస్తావు? చెవుల్లో దూది ఉందిగా. నువ్వే పెట్టావు" అన్నాడు జంబయ్య నవ్వుతూ. "పోయినేడాది ఆ ఏడుగురికీ ఇంత శ్రమ పడలేదు తల్లీ. వాడంతట వాడే నిద్రపోయాడు."

 చుక్కమ్మ రెక్కలు గంప మీద ఇంకా వెడల్పుగా పరిచింది. నక్క మూతి గంప అంచు కిందికి పోయింది.

"వైద్యుడు గారూ!" అని వెనకనుంచి వినబడింది. "తలనొప్పి పూర్తిగా తగ్గిందండీ!"

ఆ తర్వాత వచ్చిన మొరుగుడు ఉంది చూశారూ, మూడు రోజులుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారే బయటికొచ్చింది. జంబయ్య గాల్లోకి ఎగిరి, కింద పడి, తడిక వైపు లంకించుకున్నాడు. తడిక లేదు. తడిక ఉండాల్సిన చోట పెద్ద బూడిదరంగు పొట్ట అడ్డంగా ఉంది.

"తాతా, నువ్వు లేచే ఉన్నావా?" అని అరిచాడు భైరడు పరిగెత్తుతూనే.

"నిద్రపోతే గదరా లేవడానికి! వీణ్ణి లోపలికి రానిచ్చిందే నేను. బయటికి ఎలా పోతాడో చూద్దామని" అన్నాడు మైలయ్య. నెమరు ఆపలేదు.

ముందు కొమ్ములు, వెనక కోరలు. జంబయ్యకి మిగిలింది ఒకటే దారి, కళ్ళం మధ్యలోంచి. కళ్ళు మూసుకుని మిరపరాశిలోకి దూకాడు. మోకాళ్ళ లోతు దిగబడ్డాడు. తన్నుకున్న కొద్దీ కాయలు పగిలాయి, గింజలు ఎగిరాయి. ముక్కులో, నోట్లో, కళ్ళల్లో ఘాటు నిండింది. తుమ్ముతూ, దగ్గుతూ, దొర్లుతూ అవతలి పక్క కంచె సందులో దూరి, సగం బొచ్చు పత్తికట్టెలకి అప్పగించి గట్టు మీద పడ్డాడు.

"అబ్బా, నా తల! అమ్మో, కణతలు పగిలిపోతున్నాయిరో!" అని రెండు కాళ్ళతో తల పట్టుకున్నాడు.

భైరడు కంచె దగ్గరికొచ్చి నిలబడ్డాడు. రొప్పుతున్నాడు గానీ, ముఖం ప్రశాంతంగా ఉంది. "జంబయ్యా, నేను ఈ కంచె దాటను. నా చేత్తో మందు ఏదీ ఇవ్వను. అక్కడ కాలవలో నీళ్ళున్నాయి, వావిలి చెట్టు నీ పక్కనే ఉంది. కళ్ళు కడుక్కుని, చెవుల్లో దూది పెట్టుకుని హాయిగా పడుకో. మంచి మందు. నాకు పనిచేసింది."

జంబయ్య కాలవ దాకా పోయి ముఖం ముంచాడు. వావిలి నీడ చల్లగా కనబడింది. పడుకుందామని వంగాడు. అవతల పొలంలో గొర్రెల కాపరి కుక్కలు రెండు గాలి వాసన పడుతున్నాయి. ఇటు చూస్తే కంచె వెనక భైరడు. ఈ పక్క పుట్టల్లో అతను దోచుకోని ఇల్లు ఒక్కటీ లేదు.

"నేను కళ్ళు మూసుకుంటే నన్నెవరు చూస్తుంటారు?" అన్నాడు నీరసంగా.

 కారే కళ్ళతో, పగిలే తలతో, ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలోనే నడుచుకుంటూ పోయాడు.

చుక్కమ్మ పిల్లల్ని లెక్కపెట్టుకుంది. తొమ్మిదీ ఉన్నాయి. ఇంకోసారి లెక్కపెట్టుకుంది. భైరడు ఆమె దగ్గరికొచ్చి తల దించాడు. "అమ్మా, పోయినసారి నేను..."

"ఊరుకో అన్నా" అంది చుక్కమ్మ. "తల నొప్పెట్టినప్పుడు చెప్పు, చాలు."

భైరడు నల్లరాతి వైపు చూశాడు. ఎండ ఇంకా దాని మీదే ఉంది. వేపనీడకి వెళ్ళి మైలయ్య పక్కన కాళ్ళు చాపాడు.

"తాతా, కాసేపు చూస్తుంటావా?"

"చూస్తుంటాలే. పడుకో."

వేపనీడ మెల్లగా జరిగి తొట్టిని తాకింది. భైరడికి అది తెలియనే లేదు.

అందుకే, తలనొప్పికి మందు ఎవరైనా చెప్పగలరు, కళ్ళు మూసుకున్నప్పుడు పక్కన కూర్చునేవాడే అసలు వైద్యుడు.