మద్దమ్మ తాగని నీళ్ళు

ఫణీంద్రను చూస్తే మార్కండేయులుకు ఒళ్ళు మండేది.

ఇద్దరూ కుర్ర డాక్టర్లే. నల్లమల అంచున సదానంద స్వామి నడిపే ఆశ్రమ ఆసుపత్రిలో ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్నారు. కాషాయం కట్టకముందు స్వామి పేరున్న డాక్టరు. మెచ్చుకోవడంలో మాత్రం పరమ పిసినారి. అలాంటి మనిషి ఒకరోజు ఫణీంద్ర నయం చేసిన రోగిని చూసి, "బాగా చేశావు నాయనా" అన్నాడు. ఆ ముక్క మార్కండేయులు కడుపులో నిప్పులు పోసింది.

అప్పట్నుంచి అతని వైద్యమంతా ఓరకంటితోనే సాగింది. ఫణీంద్ర ఏ మందు రాశాడు, స్వామి పక్కన ఎంతసేపు కూచున్నాడు, అన్నీ కావాలి.

ఆ రోజుల్లోనే మద్దమ్మ వచ్చింది. నాపరాళ్ళ గనిలో కూలి. మూత్రంలో మంట, చలిజ్వరం. అదే జబ్బుతో వచ్చిన ఒకతను ఫణీంద్ర ఇచ్చిన సల్ఫా బిళ్ళలతో లేచి తిరుగుతున్నాడు. మార్కండేయులు అవే బిళ్ళలు రాశాడు. ఫణీంద్ర కంటే త్వరగా జ్వరం దించాలని మోతాదు పెంచాడు కూడా.

జ్వరం దిగింది. మూత్రమూ దాదాపు ఆగిపోయింది. వచ్చిన కాసిని చుక్కలూ ఎర్రగా ఉన్నాయి. నడుము నొప్పితో మద్దమ్మ మెలికలు తిరిగిపోతుంటే మార్కండేయులు బయటికి ఉరికాడు. స్వామిని పిలుచుకొచ్చాడు.

స్వామి బిళ్ళలు ఆపించి సెలైన్ పెట్టించాడు. మూత్రపు చుక్కను గాజు పలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టాడు.

"చూడు."

కట్టగట్టిన గడ్డిపరకల్లా స్ఫటికాలు కనిపించాయి. మందు మూత్రంలో కరగక గట్టిపడి, కిడ్నీల్లోని సన్నటి దారుల్ని మూసేస్తోంది.

"ఫణీంద్ర కూడా ఇవే బిళ్ళలు ఇచ్చాడు స్వామీ!" అన్నాడు మార్కండేయులు. ఆమెకు ప్రాణం మీదికొచ్చినా అతని నోట ముందు ఆ పేరే వచ్చింది.

స్వామి లేచాడు. వెళ్ళి మద్దమ్మ మంచం అంచున కూచున్నాడు.

"నీళ్ళు తాగుతున్నావా తల్లీ?"

"యాడ తాగేది సామీ? తాగితే పోవల్ల గదా! ఈ ఆసుపత్రి బాత్రూముకు గడియే ల్యా. మొగోళ్ళు తిరుగుతాంటారు. గనికాడా అంతే, పొద్దుగూకేదాకా నోరు కట్టుకోనుంటాం."

మార్కండేయులు తల దించుకున్నాడు. ఆ బిళ్ళలు కరగాలంటే నీళ్ళు బాగా తాగాలి. ఆ మాట అతను అడగనే లేదు.

"ఇప్పుడేం రాయమంటారు స్వామీ?"

స్వామి సామాన్ల గదిలోకి వెళ్ళాడు. ఒక ఇనుప గడియ, స్క్రూడ్రైవరు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

అలవాటు లేని పని. స్క్రూలు జారాయి, వేలు చీరుకుంది. ఎలాగో బిగించి, నీళ్ళ జగ్గుతో ఆమె దగ్గరికి వచ్చాడు.

"గడియ పెట్టానమ్మా. తాగు."

"నువ్వేనా బిగిచ్చింది?"

"నేనే."

ఆమెకు నమ్మకం కుదరలేదు. అతని భుజం పట్టుకుని నడిచి వెళ్ళి, లోపల్నుంచి గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకుంది. ఆ తర్వాతే గ్లాసు అందుకుంది.

ఇక మార్కండేయులు ఆ మంచం వదల్లేదు. గ్లాసు ఖాళీ అయితే నింపడం, మూత్రం సీసాను వెలుతుర్లో పట్టుకుని చూడటం, ఇదే పని. ఎరుపు మెల్లగా తగ్గింది. ఒక ఉదయం సీసా నిండుగా, తేటగా కనిపించేసరికి అతనికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. సీసా పట్టుకుని స్వామి దగ్గరికి పరుగెత్తాడు.

స్వామి దాన్ని ఎత్తి చూసి తలూపాడు. తర్వాత మామూలుగా అడిగాడు.

"ఫణీంద్ర కొత్త రోగి ఎలా ఉన్నాడు?"



"తెలీదు స్వామీ. అటు చూడలేదు."

"మంచిది నాయనా," అన్నాడు స్వామి, సీసా తిరిగి ఇస్తూ. "ఇవాళ కూడా చూడకు."