దించుకోలేని మూట

ఒకానొక కొండ రాజ్యంలో 'లావు' అనే మాట ఎవరి నోటా రాకూడదు. యువరాజుకు దిష్టి తగులుతుందని ప్రచండవర్మ మహారాజు వేసిన శాసనం అది. ఏటా పుట్టినరోజున కొడుకును బెల్లంతో తూయించి, నిరుటికన్నా ఎన్ని దిమ్మలు ఎక్కువ పడితే అంతగా మురిసిపోయేవాడు.

ఆ పిల్లవాడికి ఎనిమిదేళ్లు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది. మూత్రం పోసిన చోట చీమలు పట్టేవి. "ఇది మధుమేహం ప్రభూ, లావు తగ్గకపోతే బిడ్డ దక్కడు" అన్న రాజవైద్యుడు ఏడాదిగా చెరసాలలో ఉన్నాడు.

విదూషకుడు కొమ్మనకు అది తలచుకుంటే ముద్ద దిగేది కాదు. చెబుదామంటే మెడ మీద తలకాయ ఉండదు.

ఆ ఏడు తులాభారం అయింది. "చూశావా కొమ్మనా! ఈ వయసులో నేను ఇందులో సగమే తూగానట!" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

"అందుకే నా భయం ప్రభూ. ఇంత ఘనతకు దిష్టి కొట్టదా? మా వైపు ఒక ఆచారం ఉంది. ఆ మిగతా సగం బెల్లం తండ్రి వీపున మోస్తూ కోట బురుజు ఎక్కాలి. మధ్యలో దించకూడదు."

దిష్టి అంటే రాజుకు హడలు. వెంటనే మూట కట్టించుకున్నాడు. ఇరవై మెట్లు బడాయిగా ఎక్కాడు. అరవయ్యో మెట్టు మీద మోకాళ్లు వణికి కూలబడ్డాడు.

"దించరా! గుండె పగిలిపోతోంది!"

కొమ్మన ముడి విప్పి మూట దించాడు. ఇక తెగించి అనేశాడు.

"మీ మూట దించాను ప్రభూ. చినబాబుగారు ఇదే మూట తింటున్నా, పడుకున్నా మోస్తూనే ఉన్నారు. దాని పేరెత్తితేనే చెర. ఇక దించేదెవరు?"

భటులు కత్తుల మీద చేతులు వేశారు. వెనకే పల్లకీలో వస్తున్న పిల్లవాడు తండ్రి రొప్పడం చూసి, "నాన్నగారూ, మీకూ ఇంతేనా?" అన్నాడు జాలిగా.

రాజు నివ్వెరపోయాడు. "నేను వద్దన్న మాట ఒక్కటీ అనకుండా, నా చేతే మోయించావురా!" అని పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చేశాడు. తన చేతి కడియం తీసి కొమ్మనకు తొడిగి, వైద్యుణ్ణి అక్కడికే పిలిపించాడు.

వైద్యుడు పిల్లవాడి నాడి చాలాసేపు చూశాడు.

"నా బిడ్డ దక్కుతాడా?" అన్నాడు రాజు.

"దక్కవచ్చు ప్రభూ. నిరుడు అడిగి ఉంటే, దక్కుతాడనేవాణ్ణి."