తాళం లేని ఫోను

నాగలింగాచార్యులు నాడి పట్టే ముందు గది గుమ్మానికి తెర లాగుతారు. వచ్చింది ఒట్టి జలుబుతోనైనా సరే, తెర పడాల్సిందే. ఆయన దగ్గర మూడేళ్ళుగా వైద్యం నేర్చుకుంటున్న ధనుంజయకు అది చాదస్తంగా తోచేది. అతని ఫోనుకైతే తాళమే లేదు. ఆ సంగతి నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు కూడా.

ఒక గురువారం ఉదయం ఆచార్యులు ఫోనుకు తాళం పెట్టుకోమన్నారు. ధనుంజయ నవ్వాడు.

"దాచుకునేదేమీ లేనివాడికి తాళం ఎందుకండీ, గురువుగారూ?"

ఆచార్యులు వాదన పెట్టుకునే మనిషి కాదు. "సరే, ఆ ప్రశ్న అలాగే ఉంచు," అన్నారు. ధనుంజయ ఎప్పటిలాగే ఫోనును బయట రోగులు కూర్చునే బెంచీ మీద ఛార్జింగుకు పెట్టి వచ్చి, కల్వంలో శొంఠి నూరుతూ కూర్చున్నాడు.

కాసేపటికి మోకాళ్ళ నొప్పికి నూనె కోసం సుందరమ్మగారు వచ్చి, సరిగ్గా ఆ ఫోను పక్కనే కూర్చున్నారు. ఆవిడను చూడగానే ధనుంజయ చెయ్యి ఆగిపోయింది. ఆవిడ కోడలు హైమవతికి నడుం మీద బొల్లి మచ్చ. అత్తగారికి తెలిస్తే కాపురం నిలవదని ఆ పిల్ల భయం. గుట్టుగా మందు వాడుతోంది. ఆచార్యులకు ఫోను వాడకం రాదు గనక, మచ్చ ఎంత తగ్గిందో ప్రతి గురువారం ఫోటో తీసి ధనుంజయకే పంపుతుంది.

ఫోను టింగుమంది.

"ఏదో ఫోటో వచ్చినట్టుంది బాబూ," అన్నారు సుందరమ్మగారు, దాన్ని చేతిలోకి తీసుకుని. "నా వేలు తగిలి తెరుచుకుంది కూడాను. ఉండు, కళ్ళజోడు పెట్టుకుని ఎవరిదో చెబుతా."

ఆవిడ సంచిలో వెతుకుతున్నారు. కళ్ళజోడు పెట్టె టక్కున తెరుచుకుంది. ధనుంజయకు పై ప్రాణాలు పైనే పోయాయి. కల్వాన్ని తన్నుకుంటూ పరుగెత్తి, ఆవిడ చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. శొంఠి పొడి గదంతా చిమ్మింది.

"ఇదేం పిల్లాడమ్మా! చూస్తే అరిగిపోతుందా?" అని ఆవిడ నొచ్చుకున్నారు.

ఫోనును గుప్పిట్లో బిగించి పట్టుకుని లోపలికి వచ్చాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"దాచుకునేదేమీ లేదన్నావు?" అన్నారు ఆచార్యులు.

"ఇది... నాది కాదండీ."

ఆచార్యులు సుందరమ్మగారిని లోపలికి పిలిచారు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచి వచ్చేలోగా, తెర అంచు చేతిలోకి తీసుకుని మెల్లగా అన్నారు:

"ఇన్నాళ్ళూ దీన్ని నా సిగ్గు కోసం కట్టుకున్నాననుకున్నావా?"