పెట్టెలో మగగొంతు

కొండపేట దొరగారి గ్రామఫోను పట్టపగలే మూలగడం మొదలుపెట్టింది. ఆడమనిషి పాడే పాట సగంలో సాగి, బరువెక్కి, మగగొంతుగా మారి ఏడ్చేది.

దాన్ని బాగుచెయ్యడానికి గవరయ్యను పిలిపించారు. అతని తమ్ముడు పైడన్న ఆ దివాణంలోనే తోటమాలిగా ఉండేవాడు. చెప్పాపెట్టకుండా రంగూన్ ఓడెక్కేశాడని పోయినేడు దొరే ఊరంతా చాటించాడు.

గవరయ్య పెట్టె విప్పాడు. స్ప్రింగు సడలి రికార్డు పళ్లెం నెమ్మదిగా తిరుగుతోంది, గొంతు బరువెక్కేది అందుకే, అంతే. ఆ మాట చెప్పబోయి తలెత్తితే, దొర ముఖం పాలిపోయి ఉంది. చూపు పెట్టె మీద లేదు, తోటలోని పాడునుయ్యి మీద ఉంది.

గవరయ్యకు తమ్ముడు గుర్తొచ్చాడు. స్ప్రింగు ముట్టుకోకుండా పెట్టె మూసి, మళ్లీ పాట పెట్టాడు. మూలుగు విని నౌకర్లంతా గుమ్మం దగ్గర చేరారు.

“లోపల ఎవరో ఉన్నారు బాబూ. పేరు పెట్టి పిలిస్తేగాని వదలరు. ఎవరి గొంతులా ఉంది మీకు?” అని అడిగాడు గవరయ్య.

“పైడిగాడిది!” దొర వణికిపోయాడు. “వాడి దయ్యాన్ని తరిమెయ్, లేకపోతే నీ తోలు తీసేస్తాను!”

“రంగూన్‌లో ఉన్నవాడు దయ్యమెప్పుడయ్యాడు బాబూ?”

దొర కళ్లు మళ్లీ నూతికేసి పోయాయి. ఆ వెనకే, గుమ్మంలో ఉన్నవాళ్లందరి కళ్లూ పోయాయి.