కదలని దవడ

నాకు లాయర్లంటే పెద్దగా గిట్టదు. వాళ్ల ఆఫీసులో టైపు కొట్టి బతికేవాణ్ణి, నాకు తెలీదా! అయినా విశాలాక్షి గారి మాటొస్తే మాత్రం చేతులు జోడిస్తాను. విశాఖలో పేటెంటు కేసులు చూసే ఆవిడ దగ్గర జూనియర్‌గా ఉన్న సనత్ ఒకనాడు అడిగాడు: "మేడమ్, అసలు క్లెయిమును ఎలా చదవాలి?"

క్లెయిమంటే, కనిపెట్టినవాడు 'ఇంతవరకు నాది' అని పేటెంటులో గీసుకున్న గిరి. ఆ పూట పైడయ్య బతుకంతా దాని మీదే ఉంది. చెక్కల్ని రెండు దవడల మధ్య పట్టి బిగించే క్లాంపు ఒకటి తన షెడ్డులో తయారుచేసి పేటెంటు తెచ్చుకున్నాడు పైడయ్య. ఒక పెద్ద కంపెనీ అలాంటిదే చేసి బజారులో పెట్టింది. క్లెయిములో రాసిన ప్రతి ముక్కా వాళ్ల క్లాంపులో ఉంటేనే కేసు నిలబడుతుంది. నిలబడకపోతే షెడ్డుకు తాళం వేసి, ఆ కంపెనీలోనే పనికి చేరాలి పాపం.

నిలబడదని సనత్ అప్పటికే తేల్చేశాడు. "బిగించేటప్పుడు ఒక దవడ కదలకూడదని మన క్లెయిములో ఉంది. వీళ్లది చూడండి, రెండూ కదులుతున్నాయి" అంటూ బల్ల మీద ఖాళీగా ఉన్న కంపెనీ క్లాంపు దవడల్ని అటూ ఇటూ జరిపి చూపించాడు. నిజమే, రెండూ సాఫీగా జారుతున్నాయి. ఎదురుగా కూర్చున్న పైడయ్య ముఖం వంక చూడలేకపోయాను.

విశాలాక్షి గారు వాదించలేదు. వాదన ఆవిడ కోర్టుకే దాచుకుంటారు. ఒక చెక్కముక్క తెప్పించి దవడల మధ్య పెట్టించారు. పైడయ్యను రెండో దవడ మీద వేలు పెట్టమన్నారు, సనత్‌ను పిడి తిప్పమన్నారు. ఆపైన క్లెయిము తీసి, పసిపిల్లకు అన్నం తినిపించినంత నిదానంగా ఒక్కొక్క ముక్కే చదివారు. "చెక్కను నొక్కే దవడ." ఉంది. "దాన్ని తోసే స్క్రూ." ఉంది. "బిగించేటప్పుడు కదలకుండా నిలిచే ఎదురు దవడ."

సనత్ బలంకొద్దీ తిప్పాడు. మొదటి దవడ వచ్చి చెక్కను నొక్కింది. అంతవరకు జారిన రెండోది, బిగువు పడగానే లోపలి పళ్లకు తగులుకుని ఆగిపోయింది.

"కదల్నేదమ్మా! కదల్నేదు!" అని కేకేశాడు పైడయ్య. ఏడ్చేశాడు కూడా. నాకూ కళ్లు చెమర్చాయి, దాచడమెందుకు?

సనత్ తల దించుకున్నాడు. "పొద్దుట్నుంచీ నా చేతిలోనే ఉంది కదా మేడమ్, నాకెందుకు కనబడలేదు?"

ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు: "నిద్రపోయే వస్తాదు బలం కొలిచావు నాయనా."